నీరేల వెచ్చబడెను?

ఈ సంవత్సరపు సంచికకు మమ్ము నొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు విషయమునకై మేము వెదకుకొనవలసిన పని లేకపోయెను. గడచిన వేసవిలో మా యింట జరిగిన యొక చిన్న సంగతి మా మనస్సును విడువక పట్టియున్నది. అది ఒక గాజుతొట్టికిని, ఆరు చేపలకును, ఒక చిన్న మోటారునకును సంబంధించినది. అందు మేము పొరబడితిమి. పొరబడుట వింత గాదు. కాని మా పొరబాటునకు మఱియొకరిని నిందించితిమి. ఆ బాకీ నీ పుటలలో కొంతవరకైన తీర్చుకొనవలెనని మా యుద్దేశము. శాస్త్రపాఠము కోరు విద్యార్థులకు ఆ పాఠమును ఇందే దొరకును.

మేము దుగ్గిరాల నివాసులము. మా యూరు పసుపునకు పేరుపడినది. పసుపు యార్డులో బేరములు సాగు మాసములలో వీథులన్నియు పసుపు వాసన గొట్టుచుండును. పంటను దాచుటకు శీతల గిడ్డంగులు కలవు. కృష్ణ పశ్చిమ కాలువ మా యూరి మీదుగా సాగిపోవుచున్నది. నీరు వదలిన దినములలో దాని గట్టుననే మా సాయంకాలములు గడచును. పసుపు, గిడ్డంగి, కాలువ, ఈ మూడును మా కథలో ముందు ముందు సాక్ష్యమునకు వచ్చును గావున వానిని ఇచ్చటనే పేర్కొంటిమి.

గత ఫిబ్రవరి మాసమున మా పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శనము జరిగినప్పుడు ఎనిమిదవ తరగతి విద్యార్థులు తలకొంత వేసికొని తెనాలినుండి ఒక గాజుతొట్టిని, ఆరు బంగారు చేపలను కొనితెచ్చిరి. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గలది. అందు సుమారు 50 లీటర్ల నీరు పట్టును. ప్రదర్శనము ముగిసినను చేపలు తరగతి గదిలోనే యుండెను. పిల్లలు వానికి పేర్లు పెట్టిరి. అల్లరిచేయు పిల్లవానిని తొట్టి యెదుట కూర్చుండబెట్టినచో కొంతసేపటికి శాంతించుట మేము కన్నులార చూచితిమి. ఏప్రిలు చివర బడి మూతపడగా తొట్టిని మా యింటి వసారాలోనికి చేర్చితిమి. తరగతిలోని యొక బాలుడు దినమునకు రెండుసార్లు వచ్చి మేత వేయుటకును, నీరు మార్చుటకును ఒప్పుకొనెను. వాని తండ్రి పసుపు కొమ్ములకు మెరుగుపెట్టు చోట కూలిపని చేయును. ఆ బాలుని పేరు ఇచ్చట వ్రాయము; వ్రాయవలదని అతడే మమ్ము కోరెను.

తొట్టితోకూడ వచ్చినది గాలి నూదు చిన్న పెట్టె యొకటి. అది నీటిలో మునిగియుండునది గాదు. వెలుపల బల్లపైనుండి సన్నని గొట్టముద్వారా గాలిని తొట్టి యడుగునకు పంపును. గొట్టము చివరనున్న గరుకు రాతినుండి బుడగలు బారుగా పైకి లేచును. దానికి పట్టు విద్యుచ్ఛక్తి 3 వాట్లు మాత్రమే. మే నెల మొదటి వారమున ఎండలు ముదిరెను. చేపలు మాటిమాటికి నీటి మీదికి వచ్చి నోరు తెరచుచుండెను. వానికి ప్రాణవాయువు చాలుటలేదని మేము సరిగానే గ్రహించితిమి. కాని మేము కనుగొన్న చికిత్స మాత్రము సరియైనది గాదు. మా యింట పాడైపోయిన కూలరొకటి మూలబడియుండెను. అందలి నీటి మోటారు బాగుగనే యున్నది. దానిపై 20 వాట్లని వ్రాసియుండెను. దానిని కడిగి తొట్టి యడుగున నుంచి నడపితిమి. నీరు పైకెగసి ధారగా పడుచుండ చూచి చాల సంతోషించితిమి. నీరు చిమ్మి వసారా తడియుచున్నదనియు, గోడమీది బల్లులు అందు పడుననియు, తొట్టిపై గాజుపలకను మూతగా వేసితిమి.

మూడవ దినమున ఆ బాలుడు తొట్టిలో చేయి పెట్టి, తీసి, మరల పెట్టి, “మాస్టారండీ, ఈ మోటారు వేసినప్పటినుండి నీరు వెచ్చనగుచున్నదండీ” యనెను. మేము నవ్వితిమి. “మోటారు నీటిని కదలించునే గాని కాచునా? కదలు నీరు చల్లగానుండును. కాలువను చూడలేదా? ఈ మోటారు కూలరులోనిదే గదా, చల్లదనమునకే దానిని చేసిరి” అని చెప్పితిమి. అతడు మరల మాటాడలేదు. ఇరువది యేండ్లకు దగ్గరగా పాఠము చెప్పుచున్న మాకు, పదమూడేండ్ల బాలుని వ్రేళ్ళు చెప్పిన మాట వినదగినదిగా తోచలేదు.

తరువాతి వారమున ఒకనాటి ఉదయము లేచి చూడగా రెండు చేపలు వెల్లకిల తేలుచుండెను. మిగిలిన నాలుగును మూలలయందు నీటి మీదనే వ్రేలాడుచుండెను. బాలుడు వచ్చునప్పటికి మేము వసారాలోనే నిలిచియుంటిమి. “నీవు మేత యెక్కువ వేసితివి. మిగిలిన మేత కుళ్ళి నీరు చెడినది” అని ఇరుగుపొరుగువారు వినుచుండగా కేకలు వేసితిమి. మేత యెక్కువైనచో నీరు చెడుననుట నిజమే. కాని ఆ దినమున తొట్టి యడుగున మేత మిగిలియున్నదా యని మేము చూడలేదు. చూచినచో అది శుభ్రముగనే యుండెను. బాలుడు చచ్చిన చేపలను కాగితములో చుట్టి తీసికొనిపోయెను. సాయంకాలము రాలేదు. మరునాడును రాలేదు.

ఆ మరునాటి రాత్రి కరెంటు పోయి తెల్లవారుదాక రాలేదు. ఉదయమున మేమే మేత వేయుటకు పోయి నీటిలో చేయి పెట్టగా, ముందటి ఉదయముకంటె నీరు చల్లగా తోచెను. మోటారు నిలిచిన రాత్రి నీరు చల్లబడెననుట మా కర్థమైనప్పుడు బాలుని మాట చెవులలో మ్రోగెను. అయినను చేతి స్పర్శను నమ్మరాదు. ఒక చేతిని వేడినీటను, ఒక చేతిని చన్నీటను ఉంచి, పిదప రెండింటిని గోరువెచ్చని నీట ముంచినచో, అదే నీరు ఒక చేతికి చల్లగాను, ఒక చేతికి వేడిగాను తోచునని ప్రతి సంవత్సరము మేము తరగతిలో చూపుదుము గదా! మాయింటి జ్వరపు థర్మామీటరు 35 డిగ్రీలకు క్రిందిదానిని చూపదు. కావున ప్రధానోపాధ్యాయులను అడిగి ప్రయోగశాల తాళపు చెవి తీసికొని, సున్న మొదలు 110 డిగ్రీలవరకు గుర్తులున్న థర్మామీటరును ఇంటికి తెచ్చితిమి.

మిగిలిన నాలుగు చేపలను మొదట వెడల్పైన మట్టి గోలెమునకు మార్చి, గాలిపెట్టె గొట్టమును అందుంచితిమి. పిమ్మట తొట్టి ప్రక్కనే ఒక బకెట్టునిండ నీరుపోసి పళ్ళెము మూసితిమి. బకెట్టు తొట్టికి సరిగా సాటి గాదు. కాని ఆ వసారాలో ఊరకయున్న నీరెంత వెచ్చన యుండునో చెప్పుటకు చాలును. దినదినమును ఎండ మారుచుండును గనుక, అట్టి సాక్షి లేక తొట్టిని మాత్రమే కొలిచినచో మోటారు చేసిన పనిని, ఎండ చేసిన పనిని వేరుపరచలేము. నాలుగు దినములు ఉదయము ఆరు గంటలకు రెండింటిని కొలిచి వ్రాసికొంటిమి. మొదటి రాత్రి మూత యుండెను, మోటారు లేదు: తొట్టిలో 31, బకెట్టులో 31 డిగ్రీలు. రెండవనాడు పగలంతయు రాత్రియంతయు మూత యుండగనే మోటారు నడచెను: తొట్టిలో 34½, బకెట్టులో 31. మూడవనాడు మోటారు నడచుచుండగనే మూత తీసితిమి: తొట్టిలో 31½, బకెట్టులో 31. నాలుగవనాడు మోటారును తీసివేసి, గాలిపెట్టెను మాత్రము ఉంచి, మూత లేకుండ చేసితిమి: తొట్టిలో 29, బకెట్టులో 31.

ఈ అంకెలను చూచిన పిమ్మట మాకు ఇంట కూర్చుండ మనసు రాలేదు. ఆ సాయంకాలమే బాలుని యింటికి పోతిమి. తండ్రి పనినుండి అప్పుడే వచ్చి కాళ్ళు కడుగుకొనుచుండెను. మమ్ము చూచి, కుమారుడేదో తప్పు చేసెనని భయపడి, మంచము వాల్చెను. “తప్పు వానిది గాదు, మాది” అని చెప్పి, కాగితముమీది అంకెలను బాలునికి చూపితిమి. అతడు చదువుకొని తలవంచుకొని కూర్చుండెను. తండ్రి యంతయు విని, “అదేమి వింతండీ! పసుపు డోలులో కొమ్ములు వేసి త్రిప్పుచుండగా, త్రిప్పినకొలది వెచ్చబడును. చేయి పెట్టి చూచుచునే యుందుము. రాచుకొన్నది వేడెక్కకుండ నుండునా?” అనెను. బడిలో రాపిడిని గూర్చి ఎన్నియో మారులు చెప్పిన మేము ఆ మంచముమీద కూర్చుండి ఆ పాఠమును మరల వింటిమి.

డోలులో కొమ్ములకు జరుగునదే తొట్టిలో నీటికిని జరుగును. మోటారులోనికి పోవు విద్యుచ్ఛక్తిలో కొంత రాగితీగ చుట్టలను, ఇనుమును వేడిచేయుటకే ఖర్చగును. మోటారు నీటిలో మునిగియున్నది గనుక ఆ వేడియంతయు నీటికే చేరును. మిగిలిన శక్తి నీటిని పరుగెత్తించును. ఆ పరుగు శాశ్వతము గాదు. నీరు నీటితోను, గాజుతోను రాచుకొని నెమ్మదించును. నెమ్మదించినప్పుడు ఆ చలనశక్తి యేమైనది? అదియు వేడియైనది. కావున తొట్టిలో మునిగి నీటిని త్రిప్పు 20 వాట్ల మోటారు, తుదకు 20 వాట్ల పొయ్యియే. దానిపై పొయ్యి యని వ్రాసియుండదు, అంతే భేదము.

ఈ సత్యము సులభముగా తేలినది గాదు. 1798వ సంవత్సరమున రంఫర్డు ప్రభువు మ్యూనికు నగరమున ఫిరంగులను తొలుచునప్పుడు పుట్టు వేడిని గూర్చి తన వ్యాసమును ప్రకటించెను. తొలుచుచున్నంత కాలము వేడి తరుగక వచ్చుచుండుట చూచి, వేడి యనునది లోహములో దాగియున్న పదార్థము గాదనియు, చలనమునుండి పుట్టుచున్నదనియు వాదించెను. ఇంగ్లాండులోని సాల్ఫర్డు పట్టణమున 1818లో పుట్టిన జేమ్సు ప్రెస్కాటు జూలు అను నాతడు, క్రిందికి దిగు బరువులచేత నీటిలో రెక్కలను త్రిప్పించి, ఆ నీరెంత వెచ్చబడునో మిక్కిలి శ్రద్ధతో కొలిచెను. 772 పౌన్ల బరువు ఒక అడుగు దిగినచో, ఆ పనివలన ఒక పౌను నీరు ఫారన్‌హైటు మానమున ఒక డిగ్రీ వేడెక్కునని అతడు 1850లో ప్రకటించెను. అతని రెక్కల పాత్రయు, మా చేపల తొట్టియు ఒక్క తీరువే. అతని పేరనే నేడు శక్తిని జూలులలో కొలుచుచున్నాము.

లెక్క చూతము. ఒక వాటనగా క్షణమునకు ఒక జూలు. 20 వాట్ల మోటారు గంటకు 72,000 జూలుల వేడి నిచ్చును. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,186 జూలులు కావలెను. 50 లీటర్లకు సుమారు 2,09,000. అనగా బయటికి వేడి యేమియు పోనిచో మూడు గంటలకు ఒక డిగ్రీ చొప్పున నీరు వెచ్చబడును. ఆ లెక్కను ఒక దినమునకు ఎనిమిది డిగ్రీలు హెచ్చవలెను. మా తొట్టిలో మూడున్నర మాత్రమే యేల హెచ్చెను? నీరు గదికంటె వెచ్చనైనకొలది గాజుగోడలనుండి వేడి బయటికి పోవుట హెచ్చును. రాబడి 20 వాట్లు నిలుకడగా నుండును, ఖర్చు పెరుగుచుండును. రాబడియు ఖర్చును సమానమైనచోట వేడి నిలిచిపోవును. మా తొట్టికి ఆ చోటు మూడున్నర డిగ్రీల పైని దొరకెను.

మూత తీయగానే మూడు డిగ్రీలు తగ్గుటకు కారణము ఆవిరి. మా ఇండ్లలోని మట్టికుండకు చల్లదన మిచ్చునదియు ఆవిరియే. నీరు ఆవిరియగునప్పుడు మిగిలిన నీటినుండి చాల వేడిని తీసికొనిపోవును. మన వేసవి వేడిమిలో ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 24 లక్షల జూలులు పట్టును. దినమునకు ఒక లీటరు ఆవిరియైనచో, అది రాత్రింబగళ్ళు 28 వాట్ల వేడిని తీసివేయుటతో సమానము. మూత తీసిన దినమున మా తొట్టిలో నీటిమట్టము సుమారు అరసెంటీమీటరు తగ్గెను. అనగా సుమారు 900 మిల్లీలీటర్లు. మోటారు తెచ్చిన వేడియంత వేడిని ఆ ఆవిరి తీసికొనిపోవుచుండెను. మేము గాజుపలక వేసి ఆ ద్వారమును మూసితిమి. అడుగున పొయ్యి పెట్టి, పైన మూత పెట్టి, లోనున్న ప్రాణులకు మేలు చేయుచున్నామని సంతోషించితిమి!

కాలువను గూర్చి మేము చెప్పిన మాట కూడ తప్పే. కాలువ నీరు పారుటవలన చల్లగానుండుట లేదు. విశాలముగా గాలి సోకి ఆవిరియగుటవలనను, గట్టున చెట్ల నీడవలనను, వెనుకనుండి క్రొత్తనీరు వచ్చుచుండుటవలనను చల్లగానుండును. పారుట అనునది దానిని లేశమాత్రము వెచ్చజేయునే గాని చల్లబరుపదు. నీరు 427 మీటర్ల ఎత్తునుండి పడినచో ఒక డిగ్రీ వెచ్చబడును; బెజవాడయొద్ద ప్రకాశము బ్యారేజీనుండి మా యూరివరకు కాలువ దిగు దిగుడు కొలదిమాత్రమే గనుక ఆ వేడి మన యెరుకకు రాదు. మేము కాలువను సాక్ష్యము పిలిచిన ఆ మే నెలలో కాలువ కట్టివేయబడి యుండెననుట కూడ ఒప్పుకొనవలసియున్నది. కూలరు మాటయు నిట్టిదే. కూలరులోని మోటారు చల్లదనమును పుట్టించునది గాదు. గడ్డిని తడుపునది మాత్రమే. తడిసిన గడ్డిలోనుండి గాలి పోవునప్పుడు ఆవిరియగు నీరే చల్లదన మిచ్చును.

వేడి నీటిలో చేపలకు రెండు విధముల కష్టము కలుగును. నీరు వెచ్చబడినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. ఉప్పు లేని నీటిలో 20 డిగ్రీలయొద్ద లీటరునకు 9.1 మిల్లీగ్రాములు కరగియుండగలదు. 30 డిగ్రీలయొద్ద 7.6, 35 డిగ్రీలయొద్ద 6.9 మాత్రమే. అదే సమయమున చేప శరీరములోని పనులన్నియు వేగము హెచ్చి, దానికి కావలసిన ప్రాణవాయువు హెచ్చును. ఇంటిలో ధాన్యము తరుగుచుండగా తినువారి ఆకలి పెరిగినట్లుండును. బంగారు చేప చల్లని నీటికి అలవాటుపడిన జాతి. 20 మొదలు 24 డిగ్రీలవరకు దానికి హాయి. ఉదయముననే 34 దాటిన నీరు మధ్యాహ్నమునకు ఇంకను హెచ్చియుండును. మేము ప్రాణవాయువు నిచ్చుటకై పెట్టిన యంత్రము ఒక చేత నిచ్చి రెండవ చేత లాగికొనెను.

గాలిపెట్టె సంగతి వేరు. దాని యంత్రము నీటికి వెలుపల నుండును గనుక దాని వేడి చాలవరకు గదిలోని గాలిలో కలియును. అది పంపు గాలి వేడిగనే యుండును గదా యని కొందరనవచ్చును. గాలి మిక్కిలి తేలికైనది. నిమిషమునకు రెండు లీటర్ల గాలి నీటికంటె ఐదు డిగ్రీలు వేడిగా వచ్చినను, అది తెచ్చు వేడి ఒక వాటులో నాలుగవ భాగమైన గాదు. బుడగలు నీటిమట్టమును కదలించి, మూత లేనిచో ఆవిరిని కొంత హెచ్చించును. కావున గాలిపెట్టె నీటిని వెచ్చజేయదు, ఒక్కింత చల్లబరచును. ఈ చల్లదనము గాలి పొడిగానున్న దినములలో హెచ్చు. వానకు ముందు ఉక్కపోసిన దినములలో తక్కువ. సముద్రము దగ్గరనున్న మనవంటివారికి ఇది గుర్తుంచుకొనదగినది.

చలిదేశములలో చేపలు పెంచువారు మోటారు వేడిని గూర్చి చింతింపరు. తొట్టిలో నీరు కాచు కడ్డీలను వేరుగా కొని పెట్టుదురు. వారికి మోటారు వేడి లాభమే. వారి పుస్తకములను చదివి మనము మన వేసవిలో అట్లే చేసినచో నష్టపడుదుము. ఏ దేశపు ఉపదేశమైనను ఆ దేశపు ఎండతో కలిపి చదువవలెను.

రేపల్లె, నిజాంపట్నము ప్రాంతముల రొయ్యల చెరువులను చూచిన విద్యార్థులు, “అచ్చట పెద్ద పెద్ద రెక్కల యంత్రములు నీటిని చిలుకుచున్నవే, ఆ నీరు ఉడికిపోవలదా?” యని యడుగవచ్చును. అడుగవలెను కూడ. ఒక ఎకరము చెరువు నాలుగడుగుల లోతున్నచో అందు దాదాపు 49 లక్షల లీటర్ల నీరుండును. నాలుగు గుఱ్ఱముల శక్తి గల యంత్రములు అనగా సుమారు 3,000 వాట్లు దినమంతయు నడచి, ఆ శక్తియంతయు నీటికే చేరెననుకొన్నను, నీరు వెచ్చబడునది డిగ్రీలో నూరవ వంతుకంటె కొంచెమే హెచ్చు. ఆ చెరువుపై ఒక్క దినమున కాయు ఎండ దానికి కొన్ని వందల రెట్లు. అందుచేత రైతు నిశ్చింతగా యంత్రము నడుపుకొనవచ్చును. నాచును మొక్కలును రాత్రివేళ ప్రాణవాయువును పుట్టింపక తామే పీల్చుకొనును గనుక నడుపవలసియు నుండును. కారణ మొక్కటే, కాని లీటరునకు ఎన్ని వాట్లు అనునదే ప్రశ్న. చెరువులో వేయి లీటర్లకు ఒక వాటుకంటె తక్కువ. మా తొట్టిలో రెండున్నర లీటర్లకే ఒక వాటు.

మా యూరి శీతల గిడ్డంగులును ఇదే సాక్ష్యము చెప్పును. లోపల చల్లగాలిని త్రిప్పు పంకాలు వాడుకొను శక్తియంతయు ఆ గదిలోనే వేడియగును. పసుపు వేడితోబాటు పంకాల వేడిని కూడ శీతల యంత్రము బయటికి తోడిపోయవలెను. మూసిన గదిలో మన యింటి పంకా నడచినను గది చల్లబడదు. మన చెమట ఆరి మనకు మాత్రము చల్లగా తోచును.

ఇంట చేపలు పెంచుకొను పిల్లలకు కొన్ని మాటలు చెప్పుదుము. మోటారు కొనునప్పుడు దానిపై వ్రాసిన వాట్లను మొదట చూడుడు. మీ తొట్టి లీటర్లతో పోల్చుడు. వేసవిలో గాజుమూతకు బదులు వలగుడ్డ కట్టుడు. బల్లియు పడదు, ఆవిరియు పోవును. ఆవిరియైనంత నీటిని దినదినము పోయుడు. ఆవిరితో నీరు మాత్రమే పోవును, ఉప్పులు తొట్టిలోనే మిగిలి చిక్కబడును గనుక అప్పుడప్పుడు కొంత పాతనీటిని తీసివేయుడు. ఎండ పడు కిటికీయొద్ద తొట్టి నుంచకుడు. నీరు వేడెక్కెనని మంచుగడ్డలను ఒక్కమారుగా పడవేయకుడు. హఠాత్తుగా కలుగు చలియు చేపకు ప్రాణాపాయమే. అన్నిటికంటె ముందు ఒక థర్మామీటరు నుంచుకొనుడు.

జూను మాసమున బడి తెరచిన దినమున తొట్టిని మరల తరగతి గదికి చేర్చితిమి. ఆరు చేపలకు బదులు నాలుగే యుండుట చూచి పిల్లలు కారణ మడిగిరి. మేము నల్లబల్లమీద నాలుగు దినముల అంకెలను వ్రాసి, జరిగినది జరిగినట్లు చెప్పితిమి. మోటారు పెట్టినది మేమనియు, మూత వేసినది మేమనియు, నీరు వెచ్చబడుచున్నదని చెప్పినవానిని నవ్వినది మేమనియు, ఇరుగుపొరుగువారి యెదుట వానిమీద వేసిన నింద అబద్ధమనియు చెప్పితిమి. తరగతి కొంతసేపు నిశ్శబ్దముగా నుండెను. ఉపాధ్యాయుడు తప్పు ఒప్పుకొన్నచో పిల్లలలో గౌరవము పోవునని శిక్షణ కళాశాలలో చదువు దినములలో మాలో కొందరము అనుకొనుచుంటిమి. ఆ దినమునుండి మా తరగతిలో ప్రశ్నలు హెచ్చినవే గాని గౌరవము తగ్గినట్లు మాకు కనబడలేదు.

దినమునకు రెండుసార్లు థర్మామీటరు చూచి పుస్తకములో వ్రాయు పని ఆ బాలునికి అప్పగించితిమి. అతడు దానిని ఇప్పటికిని ఒక్క దినము తప్పక చేయుచున్నాడు. మొదటి దినమున అంకె వ్రాసి, కలము మూసి, కొంచెము సందేహించి, “మాస్టారండీ, కదలినదెల్ల వేడి పుట్టించునన్నారు గదా, చేపలు ఈదుచున్నవి. వానివలన కూడ నీరు వెచ్చబడునా అండీ?” అని యడిగెను.

ఈసారి మేము నవ్వలేదు. వెచ్చబడుననియే చెప్పితిమి. అవి తిన్న మేతలోని శక్తి చాలవరకు తుదకు వేడియై నీటినే చేరును. నాలుగు చేపలును కలిసి యిచ్చునది ఒక వాటులో స్వల్పభాగము మాత్రమే. ఆ వేడిని మా థర్మామీటరు చూపజాలదు. “అయినను ఉండును గదండీ” అని అతడనెను. ఉండును అని మేమంటిమి.